మేరీవిల్‌లో శనివారం: చిన్న కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కి ఇంత పిచ్చేంటి?

కొత్తబియ్యం (మేరీవిల్, మిస్సోరీ)
అందరికీ నమస్కారం. ఆగస్టులో వచ్చాను, నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్‌లో ఎంఎస్ మొదటి సెమిస్టర్. మాది ఖమ్మం దగ్గర. ఒక డౌటు. మొన్న శనివారం పొద్దున సరుకులకి వెళ్తే షాపులో సగంమంది ఆకుపచ్చ చొక్కాల్లో ఉన్నారు. బిల్లు కొట్టే పెద్దావిడ కూడా ఆకుపచ్చే. "గేమ్‌కి రావట్లేదా నువ్వు?" అని నన్నే అడిగింది, ఏదో పెళ్లికి పిలిచినట్టు. మధ్యాహ్నం అయ్యేసరికి రోడ్ల మీద పిల్లిపిట్ట లేదు.

అమెరికా ఫుట్‌బాల్ అంటే టీవీలో కనిపించే లక్షమంది స్టేడియాలే అనుకున్నా. ఈ ఊరి జనాభానే పదివేల చిల్లర. ఇంత చిన్న కాలేజీ టీమ్‌కి ఇంత హడావుడి ఎందుకు? రూల్స్ కూడా తెలీవు. తిట్టకుండా చెప్పండి.

---

క్రికెట్_పిచ్చోడు (డాలస్)
బ్రో, అది డివిజన్ 2, కాలేజీ ఆటల్లో రెండో స్థాయి. టెక్సాస్‌లో హైస్కూల్ మ్యాచ్‌కి అంతకంటే ఎక్కువమంది వస్తారు. అసైన్‌మెంట్లు చేసుకో, పార్ట్‌టైమ్ చూసుకో. అది చూడకపోతే కొంపలేం మునగవు.

---

లెక్కల_మాస్టారు (టొపీకా, కాన్సస్)
పైన తమ్ముడు చెప్పింది జనం లెక్కలో నిజమే కావచ్చు, ఆట లెక్కలో కాదు. కొత్తబియ్యం, ముందు రూల్స్, రెండు ముక్కల్లో. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు, వాటినే డౌన్లు అంటారు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు. పోలేకపోతే బంతి అవతలివాళ్లకి. అడ్డగీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత తన్ని 1 తెచ్చుకోవచ్చు, లేదా తెగించి 2 కోసం ఆడొచ్చు. దూరం నుంచి గోల్ కొయ్యల మధ్యకి తంతే 3. మొదటి మ్యాచ్‌కి ఈ మాత్రం చాలు. మిగతాది పక్కన కూర్చున్న తాతగారు చెప్తారు. అడక్కపోయినా చెప్తారు.

ఇక మీ కాలేజీ జట్టు పేరు బేర్‌క్యాట్స్. ఆడేది ఎంఐఏఏ అనే కాన్ఫరెన్స్‌లో, అంటే కాలేజీల లీగ్‌లో. 1912 నుంచి ఉంది. మొదట్లో పేరులో 'ఎం' అంటే మిస్సోరీ, 1992 నుంచి మిడ్-అమెరికా. ఇప్పుడు మిస్సోరీ, కాన్సస్, నెబ్రాస్కా, ఓక్లహోమా లాంటి రాష్ట్రాల కాలేజీలున్నాయి. మా వాష్‌బర్న్ కూడా అందులోదే. మా టీమ్ పేరు ఇకబాడ్స్. ఇకబాడ్ వాష్‌బర్న్ అనే దాత పేరు మీద పెట్టారు. పులులూ సింహాలూ ఉన్నచోట ఒక దాతగారి పేరుతో బరిలోకి దిగే జట్టు మాది.

---

కంచరగాడిద_07 (వారెన్స్‌బర్గ్, మిస్సోరీ)
మాస్టారూ, మా సెంట్రల్ మిస్సోరీ సంగతేంటి? మేం మ్యూల్స్. అంటే కంచరగాడిదలు. ఇంట్లో చెప్పుకోలేక చస్తున్నాం. "ఏం టీమ్‌రా మీది" అని నాన్న అడిగితే "గుర్రం లాంటిది నాన్నా" అని చెప్పా.

కొత్తబియ్యం, నువ్వు తప్పు ఊళ్లో దిగావు. మన తెలుగు బ్యాచ్ అంతా మా వైపే ఉంది. ఇక్కడ కోర్టు దగ్గర ఓల్డ్ డ్రమ్ అనే కుక్కకి విగ్రహం ఉంది తెలుసా? ఆ కుక్కని ఎవరో కాల్చేస్తే కేసు వేశారు, 1870లో లాయరు కుక్క విశ్వాసం గురించి మాట్లాడి ఊరంతటినీ ఏడిపించాడు. కుక్క కోసం కోర్టుకెక్కిన ఊరు మాది. ఫుట్‌బాల్‌ని వదుల్తామా.

---

బేర్‌క్యాట్_బాబాయ్ (ఓవర్‌లాండ్ పార్క్, కాన్సస్)
నన్ను ఎవరూ ట్యాగ్ చెయ్యలేదు గానీ మేరీవిల్ పేరు కనబడితే ఆగలేను. నేను 2008 ఆగస్టు బ్యాచ్. అప్పట్లో మనవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి.

కొత్తబియ్యం, నీ ప్రశ్నకి సమాధానం ఆ షాపులో పెద్దావిడ దగ్గరే ఉంది. ఆవిడకి నలభై ఏళ్లు పైబడి ఉంటే ఒక విషయం అడుగు: "1994లో మీరు మ్యాచ్‌లకి వెళ్లేవారా?" మొహం చూడు.

ఆ ఏడాది కొత్త కోచ్ వచ్చాడు, మెల్ చర్చ్‌మా. ఇంగ్లీషులో స్పెల్లింగ్ చూసి పలకబోకు, నాలుక మెలిపడుద్ది. టెక్సాస్‌లో ఆస్టిన్ కాలేజ్ నుంచి తెచ్చుకున్నారు. మొదటి సీజన్ ఎంతో తెలుసా? 0–11. పదకొండు ఆడితే పదకొండూ పోయాయి. మన ఊళ్లో అయితే కోచ్ రాత్రికి రాత్రే బస్సెక్కాల్సిందే. వీళ్లు ఉంచారు. నాలుగేళ్ల తర్వాత 1998లో అదే కోచ్, అదే మైదానం, 15–0. ఫైనల్లో కార్సన్–న్యూమన్ మీద 24–6. డివిజన్ 2లో ఒక్కటీ ఓడకుండా పదిహేను గెలిచిన మొదటి జట్టు అదే.

ఇది నేను చూడలేదు. మా అపార్ట్‌మెంట్ పక్కింట్లో ఒక రిటైరైన పెద్దాయన ఉండేవాడు, ఆయన చెప్తే విన్నా. ఆయన 15–0 గురించి ఎప్పుడూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. 0–11 గురించి మాత్రం గంటలు గంటలు చెప్పేవాడు. ఎవరెవరు ఆ పదకొండు మ్యాచ్‌లకీ వచ్చారో ఆయన దగ్గర లెక్క ఉంది. సీజన్ మధ్యలో మానేసి మళ్లీ 1998లో ఆకుపచ్చ చొక్కా వేసుకున్నవాళ్ల లెక్క కూడా ఉంది. వాళ్లతో సరిగా మాట్లాడేవాడు కాదు.

---

కొత్తబియ్యం
బాబాయ్ గారూ, 0–11 అంటే ఏడాది పొడవునా ఒక్కటీ గెలవలేదా? సీజన్ అంటే పదకొండు మ్యాచ్‌లేనా?

---

బేర్‌క్యాట్_బాబాయ్
అంతే. సెప్టెంబర్ నుంచి నవంబర్ మధ్యదాకా వారానికొకటి. ఐపీఎల్‌లో రెండు ఓడితే "ఇంకా ఉన్నాయిలే" అంటాం చూడు, అది ఇక్కడ కుదరదు. రెండు పోతే సగం చచ్చినట్టే. మూడు పోతే వచ్చే ఏడాది గురించి మాట్లాడుకోవడమే.

---

క్రికెట్_పిచ్చోడు
సరే బాబాయ్, 1998 అంటే నేను రెండో తరగతి. ఆ ఒక్క కప్పు చూసుకునేనా ఇప్పటికీ ఈ గోల?

---

కంచరగాడిద_07
ఒక్కటి కాదు లేరా, ఐదు ఉన్నాయి వాళ్లకి. ఒప్పుకోవడం కష్టంగా ఉంది గానీ ఉన్నాయి.

---

లెక్కల_మాస్టారు
ఆరు. 1998, 1999, 2009, 2013, 2015, 2016. డివిజన్ 2లో ఇంకెవరికీ అన్ని లేవు.

---

కంచరగాడిద_07
ఒకటి తగ్గించి చెప్తే కాసేపు హాయిగా ఉంటుందని.

---

బేర్‌క్యాట్_బాబాయ్
ఆరు కప్పుల కంటే నాకు నాలుగు ఓటములు ఎక్కువ గుర్తు. తీరిగ్గా చెప్తా, ఇవాళ ఆదివారం, మా ఆవిడ కూడా గుడికెళ్లింది.

2005 ఫైనల్: గ్రాండ్ వ్యాలీ స్టేట్ చేతిలో 21–17. 2006: మళ్లీ అదే గ్రాండ్ వ్యాలీ, 17–14. 2007: వాల్డోస్టా స్టేట్, 25–20. వరసగా మూడు. అన్నీ అలబామాలో ఫ్లోరెన్స్ అనే ఊళ్లోనే. మా పక్కింటాయన మూడుసార్లూ పది గంటలకు పైగా కారు నడుపుకుంటూ వెళ్లి, ఓడి, మళ్లీ నడుపుకుంటూ వచ్చాడు.

నేను దిగింది 2008లో. మొదటి మ్యాచ్‌కి నన్ను లాక్కెళ్లింది ఆయనే. నాకేం అర్థం కాలేదు. ముందుకు పోతారు, పడతారు, ఆగుతారు, మాట్లాడుకుంటారు. వీళ్లు ఆడేదానికన్నా ఆగేదే ఎక్కువ అనుకున్నా. మూడో మ్యాచ్‌కి కొంచెం అర్థమైంది. అక్టోబర్‌కి నేనే "థర్డ్ డౌన్‌లో ఆ పాస్ ఏంటి" అని అరుస్తున్నా. డిసెంబర్‌లో మళ్లీ ఫైనల్. మినెసోటా డులూత్ చేతిలో 21–14. నాలుగోసారి.

ఆ రోజు టీవీ ఆయనింట్లోనే చూశాం. ఆ ఏడాది ఆయన ఫ్లోరెన్స్ వెళ్లలేదు, "నేను వెళ్తేనే ఓడుతున్నారు, ఈసారి ఇంట్లో ఉంటా" అన్నాడు. మనోళ్లే అనుకున్నా, అమెరికా వాళ్లకి కూడా ఈ సెంటిమెంటు ఉంటుందని అప్పుడే తెలిసింది. మ్యాచ్ అయ్యాక ఆయన టీవీ ఆపి, చెత్తబుట్ట బయట పెట్టి వచ్చి, "ఇంక మనింట్లో కూర్చోవడం కూడా పనిచెయ్యదని తేలిపోయింది" అన్నాడు.

2009 మొదటి మ్యాచ్. ఎబిలీన్ క్రిస్టియన్ చేతిలో ఓటమి. నాలుగు ఫైనల్స్ పోగొట్టుకున్న జట్టు, మొదటి వారమే ఒకటి చేజారింది. ఊళ్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. తర్వాత వారం గెలిచారు. తర్వాత వారం గెలిచారు. ఎవరూ ఏమీ అనలేదు, దిష్టి తగులుద్దని. ఎంఐఏఏలో ఒక్కటీ పోలేదు. ప్లేఆఫ్స్ కూడా దాటారు. ఫైనల్, మళ్లీ ఫ్లోరెన్స్. ఎదురుగా ఎవరు? గ్రాండ్ వ్యాలీ. పోయినచోటే వెతుక్కోవాలంటారు చూడు, అచ్చం అదే. 30–23. మొదటిది ఓడాక వరసగా పద్నాలుగు గెలిచి 14–1.

ఆ రాత్రి హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆ చలిలో చెప్పుల్లేకుండా బయటికొచ్చిన పెద్దాయన్ని ఆ ఒక్కసారే చూశా.

---

వేరుశనగ_చట్నీ (మేరీవిల్ పాత కాపు, ఇప్పుడు ఒమాహా)
బాబాయ్, మీరు ఎప్పుడూ గెలుపోటములే చెప్తారు. నేను వేరే వైపు నుంచి చెప్తా.

నా రెండో సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ క్లాసులో నా పక్క సీటు ఒక ఫుట్‌బాల్ అబ్బాయిది. పేరు చెప్పను. ఆరడుగుల మూడంగుళాలు, డెస్కులో పట్టేవాడు కాదు, కాళ్లు నడిచే దారిలో పెట్టుకునేవాడు. సోమవారం వచ్చాడంటే మోకాలికి ఐసు సంచి. కాన్సస్‌లో హేస్ అని ఉంది, అక్కడ మ్యాచ్ ఆడి బస్సులో తిరిగొచ్చేసరికి తెల్లారిపోయేది. సోమవారం ఎనిమిదింటికి క్విజ్.

నేను మొదట్లో ఏమనుకున్నానంటే, వీళ్లందరికీ ఫ్రీ చదువు, ఫ్రీ తిండి, రాజభోగం అని. ఒకరోజు అతనే చెప్పాడు, తనకి వచ్చేది ఫీజులో పావు వంతేనట. మిగతాది లోను. వేసవిలో వాళ్ల మామయ్య పొలంలో పని. "మరెందుకు ఆడుతున్నావు?" అని అడిగా. కాసేపు ఆలోచించి "ఇంకో రెండేళ్లే ఆడనిస్తారు కదా" అన్నాడు. నా దగ్గర తిరుగు సమాధానం లేదు. ఆ తర్వాత శనివారాలు వెళ్లడం మొదలుపెట్టా, అతను ఏ నంబరో కూడా నాకు సరిగా కనబడేది కాదు, లైన్‌లో, అంటే ముందు వరసలో ఉండేవాడు, ప్రతి బంతికీ ఎవడో ఒకడు మీద పడేవాడు.

---

లెక్కల_మాస్టారు
చట్నీ గారు చెప్పిన పావు వంతు వెనక ఉన్న లెక్క ఇది. డివిజన్ 2లో ఒక ఫుట్‌బాల్ జట్టుకి ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) అనుమతించే గరిష్ఠం 36 పూర్తి స్కాలర్‌షిప్‌లకి సమానమైన డబ్బు. జట్టులో వందమంది దాకా ఉంటారు. కోచ్ ఆ 36ని ముక్కలు ముక్కలు చేసి పంచాలి. ఒకడికి సగం, ఒకడికి పావు, ఒకడికి పుస్తకాల ఖర్చు, కొందరికి సున్నా. మనింట్లో ఒక కోడితో ఇరవైమందికి పులుసు పెట్టినట్టు. డివిజన్ 3లో అయితే ఆట కోసం ఇచ్చే స్కాలర్‌షిప్పే ఉండదు.

అందుకే "చిన్న కాలేజీ, చిన్న ఆట" అనే మాట నాకు పడదు. పెద్ద టీమ్‌లో ఆడేవాడికి ముందు ఎన్‌ఎఫ్ఎల్, అంటే ప్రొఫెషనల్ లీగ్ ఆశ ఉంటుంది. ఇక్కడ దాదాపు ఎవరికీ ఉండదు. నవంబర్‌లో ఆఖరి మ్యాచ్ అంటే చాలామందికి జీవితంలో ఆఖరి మ్యాచ్. అయినా మోకాళ్లు ఒకేలా పోతాయి.

అయోవాలో గ్రినెల్ కాలేజ్ అని ఉంది, డివిజన్ 3, మిడ్‌వెస్ట్ కాన్ఫరెన్స్. 2019లో మూడు మ్యాచ్‌లు ఆడారు, మూడూ ఓడారు. దెబ్బలు తగిలి జట్టులో 28 మందే మిగిలారు. ఇంక ఆడటం ప్రమాదమని కుర్రాళ్లే నిర్ణయించుకుని మిగతా సీజన్ ఆపేశారు. నన్నడిగితే ఆ నిర్ణయానికి ఒక కప్పు గెలిచినంత ధైర్యం కావాలి. చాలామంది పిరికితనం అన్నారు. వాళ్లెవరూ నాలుగో వారంలో ఆ 28 మందిలో ఒకడిగా దిగాల్సినవాళ్లు కాదు.

---

పిట్_గొరిల్లా (పిట్స్‌బర్గ్, కాన్సస్)
ఎంఐఏఏ అంటూ ఇంత రాసి మా పిట్స్‌బర్గ్ స్టేట్ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదంటే ఇది బేర్‌క్యాట్ల కుట్ర. మేం గొరిల్లాలం. ఎన్‌సీఏఏ కప్పులు రెండు, 1991, 2011. అంతకుముందు ఎన్‌ఏఐఏ అనే ఇంకో కాలేజీ ఆటల సంస్థలో 1957, 1961. మీ చర్చ్‌మా రాకముందు ఈ కాన్ఫరెన్స్‌లో భయపెట్టేది ఎవరో ఆ పక్కింటి పెద్దాయన్నే అడగండి.

పైగా 2002 నుంచి కొన్నేళ్లు మన రెండు జట్ల మ్యాచ్ కాన్సస్ సిటీలో యారోహెడ్ స్టేడియంలో పెట్టారు. ఎన్‌ఎఫ్ఎల్ జట్టు చీఫ్స్ ఆడే చోట! డివిజన్ 2 మ్యాచ్‌కి ఎవరొస్తారన్నారు. వచ్చారు. క్రికెట్_పిచ్చోడు, విన్నావా?

---

క్రికెట్_పిచ్చోడు
విన్నా విన్నా. కానీ నా పాయింట్ వేరే. నార్త్‌వెస్ట్ వాళ్లు అంత తోపులైతే ప్రతి ఏడాదీ ప్లేఆఫ్స్‌కి ఆటోమేటిక్‌గా వెళ్లాలి కదా. ఒకటి రెండు ఓడితేనే ఎందుకంత టెన్షన్?

---

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న, మొదటిసారి. దేశంలోని డివిజన్ 2 జట్లని నాలుగు సూపర్ రీజియన్లుగా విడగొడతారు. ఏ రీజియన్‌లోవాళ్లు ఆ రీజియన్‌లోనే ర్యాంకులు. 2009లో, బాబాయ్ చెప్పిన ఏడాది, రీజియన్‌కి ఆరు చొప్పున 24 జట్లకే చోటు. 2016 నుంచి ఏడు చొప్పున 28. 2025 నుంచి 32.

ఎంఐఏఏకి ఒక విచిత్రమైన సొంత గోల ఉండేది. కాన్ఫరెన్స్‌లో పన్నెండు జట్లున్న ఏళ్లల్లో ప్రతివాళ్లూ మిగతా పదకొండుమందితో ఆడేవారు. సీజనే పదకొండు మ్యాచ్‌లు. అంటే బయటివాళ్లతో ఒక్క మ్యాచ్ కూడా లేదు. మనలో మనమే తన్నుకోవడం. ఒకరు గెలిస్తే ఇంకొకరు ఓడాలి. మంచి జట్లు ఐదారు ఉంటే, ఒకరి నెత్తిన ఒకరు ఓటములు పెట్టి అందరూ కిందకి జారతారు. వేరే కాన్ఫరెన్స్‌లో ఒకే ఒక్క బలమైన జట్టు బలహీనుల్ని కొట్టుకుంటూ 10–1తో పైకి వెళ్లిపోతుంది. మనోడు 8–3తో ఇంట్లో. వాడి కంటే వీడు గట్టివాడని ఎలా నిరూపిస్తావు? ఎప్పుడూ ఎదురుపడలేదు కదా.

నిష్పక్షపాతంగా చెప్తున్నా (నా వాష్‌బర్న్ చొక్కా తీసేసి): ఆ పద్ధతిలో కాన్ఫరెన్స్ కప్పుకి న్యాయం జరిగింది, ప్లేఆఫ్ చోటుకి అన్యాయం జరిగింది. అందరితో అందరూ ఆడితే కాన్ఫరెన్స్ విజేత ఎవరో అనుమానం ఉండదు. ప్రయాణ ఖర్చు కూడా అదుపులో ఉంటుంది, అసలు కారణం అదేనని నా అనుమానం.

---

కంచరగాడిద_07
మాస్టారు చెప్పింది మాకు బాగా తెలుసు. కానీ 2023 గురించి ఎవరూ మాట్లాడరేం? మా క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరేవాడు) జాక్ జెబ్రౌస్కీకి హార్లన్ హిల్ ట్రోఫీ వచ్చింది. డివిజన్ 2లో దేశం మొత్తానికి ఆ ఏడాది బెస్ట్ ఆటగాడికి ఇచ్చేది అది. ఒక్క సీజన్‌లో 5 వేల గజాలు దాటించాడు పాసులతో. అంతకుముందు 2010లో ఎరిక్ చెర్నియెవ్‌స్కీకి వచ్చింది, అతనూ మావాడే, అతనూ క్వార్టర్‌బ్యాకే. బేర్‌క్యాట్లకి ఆరు కప్పులున్నాయి సరే, హార్లన్ హిల్ ఎన్ని ఉన్నాయో బాబాయ్ చెప్పాలి.

---

బేర్‌క్యాట్_బాబాయ్
వ్యక్తిగత బహుమతులు మాకు అచ్చిరాలేదు నాయనా, జట్టుగా గెలుచుకుంటాం.

సరే, ఒక ముచ్చట చెప్తా. 2022లో మీ ఊరికి కోచ్‌గా వచ్చిన జాష్ లాంబర్సన్ ఎవరనుకున్నావు? మా పాత క్వార్టర్‌బ్యాక్. మీ జెబ్రౌస్కీ అంత పైకొచ్చింది ఎవరి కింద? మా పచ్చ చొక్కా వేసుకుని పెరిగినవాడి కింద. పిల్లని మేమిచ్చాం, కాపురం మీరు చేసుకుంటున్నారు.

---

కంచరగాడిద_07
😭 బాబాయ్, ఇది దెబ్బ కాదు, వెన్నుపోటు.

---

పిట్_గొరిల్లా
హహహ. దీన్ని స్క్రీన్‌షాట్ తీసి మా గ్రూపులో పెడుతున్నా.

---

మోడరేటర్
స్క్రీన్‌షాట్లలో సభ్యుల పేర్లు చెరిపి పెట్టండి. అలాగే నిన్న రాత్రి డిలీట్ చేసిన రెండు పోస్టులు ఎందుకు తీశామో రాసినవాళ్లకి తెలుసు. టీమ్‌ని తిట్టుకోండి, ఊరిని తిట్టుకోండి, మనిషి కులం, జిల్లా జోలికి పోవద్దు.

---

వేరుశనగ_చట్నీ
హార్లన్ హిల్ అంటే గుర్తొచ్చింది. ఆయన ఆడింది ఫ్లోరెన్స్‌లోని కాలేజీకే, ఇప్పుడు దాన్ని నార్త్ అలబామా అంటున్నారు. తర్వాత ఎన్‌ఎఫ్ఎల్‌లో షికాగో బేర్స్‌కి వెళ్లాడు. 2013 దాకా ఫైనల్స్ జరిగింది కూడా ఆ ఊళ్లోనే. అంటే బాబాయ్ పక్కింటాయన ఏడ్చిన ఊరు. ఆ నార్త్ అలబామానే 2016 ఫైనల్లో బేర్‌క్యాట్లు 29–3తో కొట్టారు. అప్పటికి ఫైనల్ కాన్సస్ సిటీకి వచ్చేసింది.

ఆ మ్యాచ్‌కి నేను వెళ్లా. మంచు. మంచంటే మామూలు మంచు కాదు, గీతలు కనబడక పారలతో తోస్తున్నారు. మా గ్యాంగ్‌లో ఒకడు హైదరాబాద్‌లో కొన్న జర్కిన్ వేసుకొచ్చాడు, "ఇది మనాలీకి పనిచేసింది" అంటూ. రెండో క్వార్టర్‌కి వాణ్ని బాత్రూమ్‌లో హ్యాండ్ డ్రయ్యర్ కింద నిలబెట్టాల్సి వచ్చింది. అలబామా నుంచి వచ్చిన కుర్రాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం, పాపం. నాకు సగం మ్యాచ్ వాళ్లని చూసి జాలే.

---

బేర్‌క్యాట్_బాబాయ్
నేనూ అక్కడే ఉన్నా! మా బాబుకి నాలుగేళ్లు అప్పుడు, దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నా. కోచ్ ఆడమ్ డోరెల్ మేరీవిల్ కుర్రాడే, చర్చ్‌మా కింద లైన్‌మన్‌గా ఆడినవాడు. 2013, 2015, 2016 మూడూ ఆయన హయాంలోవే, మూడూ ఒక్క ఓటమి లేకుండా 15–0. చర్చ్‌మా 2010 సీజన్ తర్వాత దిగిపోయినప్పుడు ఊళ్లో అందరూ "ఇంక అయిపోయింది" అన్నారు. అయిపోలేదు.

కానీ చట్నీ, నిజం చెప్పాలంటే నాకు 2016 కంటే 1999 చూడలేదే అని బాధ. అది కూడా కార్సన్–న్యూమన్ మీదే. చివరి క్వార్టర్‌లో వెనకబడి ఉండి సమం చేశారు. ఓవర్‌టైమ్. కాలేజీ ఓవర్‌టైమ్‌లో గడియారం ఉండదు, అవతలివాళ్ల 25 గజాల గీత దగ్గర చెరొకసారి బంతి ఇస్తారు. అప్పట్లో సమమైతే మళ్లీ అదే పద్ధతి. అలా నాలుగుసార్లు. 58–52. పక్కింటాయన ఆ స్కోరు కారు నంబర్‌ప్లేటుకి పెట్టించుకుందామనుకుంటే వాళ్లావిడ ఒప్పుకోలేదట.

---

క్రికెట్_పిచ్చోడు
నాలుగు ఓవర్‌టైములా. సరే, ఇది మాత్రం యూట్యూబ్‌లో వెతుకుతా. ఒప్పుకున్నానని అనుకోకండి.

---

కొత్తబియ్యం
నేను అడిగింది ఒక ముక్క, మీరు ఒక పుస్తకం చెప్పారు. అందరికీ థాంక్స్. ఇంకో డౌటు. మా సీనియర్ ఒకాయన "ఇప్పుడు బాస్కెట్‌బాలే నడుస్తోంది, ఫుట్‌బాల్ రోజులు పోయాయి" అన్నాడు. నిజమేనా?

---

లెక్కల_మాస్టారు
నార్త్‌వెస్ట్ మగవాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు 2017, 2019, 2021, 2022లో జాతీయ కప్పులు గెలిచింది. కాబట్టి మీ సీనియర్‌ది వట్టి మాట కాదు. ఫుట్‌బాల్‌లో ఆఖరి కప్పు 2016. మధ్యలో 2020లో కరోనా వల్ల ఎంఐఏఏ ఆ ఫాల్ సీజనే పెట్టలేదు. కాన్ఫరెన్స్ కూడా మారుతోంది, లిండెన్‌వుడ్ వెళ్లిపోయింది, లింకన్ వెళ్లిపోయింది. అంతకుముందే 2013లో ట్రూమన్ స్టేట్ వెళ్లిపోయింది.

---

బేర్‌క్యాట్_బాబాయ్
ట్రూమన్ గురించి ఒక్క మాట. నార్త్‌వెస్ట్‌కీ వాళ్లకీ మధ్య గెలిచినవాళ్లకి ఇచ్చేది ఒక కర్ర. హికరీ కర్ర, 1931 నుంచి. డివిజన్ 2లో అంతకంటే పాత ట్రోఫీ లేదు. వెండీ లేదు, బంగారం లేదు, కట్టె. ట్రూమన్ వేరే కాన్ఫరెన్స్‌కి పోయాక ఆ మ్యాచ్ ప్రతి ఏడాదీ ఖాయం అనే లెక్క పోయింది. కాన్ఫరెన్స్ మారితే డబ్బు, ప్రయాణం అన్నీ కుదురుతాయేమో, కర్ర మాత్రం మూల పడుద్ది. నాకు అదే నచ్చదు.

ఇక నీ ప్రశ్న. ఫుట్‌బాల్ రోజులు పోయాయో లేదో శనివారం నువ్వే వెళ్లి చూడు. బేర్‌క్యాట్ స్టేడియం ఉన్న ఆ చోటే పాత రికెన్‌బ్రోడ్ మైదానం. డివిజన్ 2లో అన్నేళ్లుగా ఒకే చోట ఆడుతున్నవాళ్లు ఇంకెవరూ లేరు. సీట్లు ఆరున్నర వేలు. ఊరి జనాభా నువ్వే చెప్పావు కదా, పక్కపక్కన పెట్టి చూసుకో.

---

కొత్తబియ్యం
వెళ్తా బాబాయ్ గారూ. రూమ్మేట్లు ఇద్దరు కూడా వస్తామన్నారు. ఏం వేసుకోవాలి? నా దగ్గర ఆకుపచ్చ చొక్కా లేదు, అమ్మ పెట్టిన చిలకపచ్చ కుర్తా ఉంది. తిండి లోపలికి రానిస్తారా?

---

వేరుశనగ_చట్నీ
కుర్తానే వేసుకో, పైన జాకెట్. ఎవరో ఒకరు ఫోటో అడుగుతారు చూడు. రెండు జతల సాక్స్ వేసుకో, సీట్లు ఇనుము కాబట్టి కింద వేసుకోడానికి ఏదైనా మందంగా తీసుకెళ్లు. స్టూడెంట్ ఐడీ మర్చిపోకు. తిండి లోపలికి వద్దు, ముందే బయట పార్కింగ్‌లో తినేసి వెళ్లండి. అక్కడ అందరూ పొయ్యిలు పెట్టుకుని మాంసం కాలుస్తుంటారు. మా బ్యాచ్ ఒకసారి పులిహోర తీసుకెళ్లింది. పక్క ట్రక్కువాళ్లు రుచి చూసి డబ్బా ఖాళీ చేసి, బదులుగా పక్కటెముకల ప్లేటు ఇచ్చారు. మాలో ముగ్గురు శాకాహారులు.

---

కంచరగాడిద_07
మీరు మా ఊరికి ఆడటానికి వచ్చినప్పుడు చెప్పు కొత్తబియ్యం. రూమ్‌లో పరుపు ఉంది, బిర్యానీ ఉంటుంది. కుర్తా మాత్రం వద్దు. ఎరుపు ఏదైనా ఉంటే వేసుకురా.

---

బేర్‌క్యాట్_బాబాయ్
ఎరుపు వేసుకెళ్తే నాకు చెప్పొద్దు.